ఏ లెన్స్ కొనాలో మీ పాత ఫోటోలే చెబుతాయి

కిట్ లెన్స్‌తో, అంటే పెట్టెలోనే వచ్చే 18-55 లాంటి లెన్స్‌తో, కొన్న కెమెరా ఏడాది, ఏడాదిన్నర చేతిలో తిరిగేసరికి చాలామందికి ఆటో మోడ్ వదిలేసే ధైర్యం వస్తుంది. షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలి), ఐఎస్ఓ (ఆ వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలి) అంటే ఏమిటో అర్థమవుతుంది. సరిగ్గా అప్పుడే లెన్సుల పిచ్చి కూడా పట్టుకుంటుంది. పెళ్లిళ్లు తీసే స్నేహితుణ్ని అడిగితే 24-70 తీసుకోమంటాడు. పక్షుల వెంట తిరిగేవాడు 150-600 కంటే తక్కువ దానికి ఒప్పుకోడు. యూట్యూబ్‌లో ఎవరో 50 ఎంఎం లేనివాడు ఫోటోగ్రాఫరే కాదన్నంత పని చేస్తారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి పనికి కావాల్సింది వాళ్లు చెబుతున్నారు. చిక్కల్లా మన దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున ఉండవల్లి గుహల్లో, సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులో, దసరాకి కృష్ణ ఘాట్ల దగ్గర, మధ్యలో చుట్టాలింట్లో బారసాలలో, ఇలా అన్నిచోట్లా తీసే మనిషికి ఆ మూడు సలహాల్లో ఒక్కటీ పూర్తిగా సరిపోదు.

దీనికి ఎక్కువమంది పట్టుకునే దారి మిల్లీమీటర్ల లెక్క. లెన్స్ పేరులో ఉండే ఈ అంకె దాని ఫోకల్ లెంగ్త్: చిన్నదైతే ఫ్రేములో ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్దదైతే దూరంలో ఉన్నది దగ్గరికి వస్తుంది. 10 నుంచి 18 దాకా ఒకటి, 18 నుంచి 55 దాకా ఒకటి, అక్కణ్నుంచి 250 దాకా ఇంకొకటి, ఎక్కడా ఖాళీ ఉండకూడదు. బ్యాగు నిండుతుంది, ఫోటోలు మాత్రం పెద్దగా మారవు. 55కీ 70కీ మధ్య ఖాళీ ఉంటే వచ్చే నష్టమేమీ లేదు. రెండడుగులు ముందుకేసినా, తీశాక కంప్యూటర్లో కాస్త కత్తిరించినా అది పూడిపోతుంది. లెన్స్ అవసరం నిజంగా తెలిసేది ఫోటో తీయబోయి, ఏదో ఒకటి చాలక ఆగిపోయినప్పుడు. నా లెక్కలో ఆ చాలకపోవడం మూడు రకాలు. వెనక్కి జరగడానికి చోటు చాలదు. వెలుతురు చాలదు. లేదా తీయాల్సింది అందనంత దూరంలో ఉంటుంది. మీకు ఎక్కువగా అడ్డుపడుతున్నది ఈ మూడింట్లో ఏది అన్నది తేలితే లెన్స్ పేరు దానంతట అదే తేలుతుంది.

అది తేల్చుకోవడానికి ఒక చిన్న లెక్క ముందే తెలిసుంటే మంచిది. కెమెరా సెన్సర్ వెడల్పుని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, సబ్జెక్టు ఎంత దూరంలో ఉందో దానితో హెచ్చవేస్తే, ఆ దూరంలో ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్నవాటిని క్రాప్ సెన్సర్లు అంటారు: నికాన్, సోనీ, ఫుజీలవి సుమారు 23.5, కెనాన్‌ది ఇంకాస్త చిన్నది, 22.3. హాబీగా తీసేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది క్రాప్ సెన్సరే కాబట్టి ఇకపై లెక్కలన్నీ 23.5 మీదే చెబుతాను.

అపార్ట్‌మెంటులో పదడుగుల గది అనుకోండి. గోడకి ఆనుకుని నిలబడితే మీకూ ఎదుటివాళ్లకీ మధ్య మహా అయితే 3 మీటర్లు. 50 ఎంఎం లెన్స్‌తో అక్కడ పట్టేది 1.4 మీటర్ల వెడల్పు. ఉయ్యాల, పక్కన అమ్మమ్మ, అంతే. తాతయ్య ఫ్రేము బయటే. అదే చోట 35 ఎంఎం అయితే 2 మీటర్లు, కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెడితే 3.9 మీటర్లు పడుతుంది. క్రాప్ కెమెరాకి మొదటి ప్రైమ్ లెన్స్‌గా (జూమ్ కాకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే లెన్స్‌గా) 50 కొనమనే సలహా మీద నాకున్న అభ్యంతరం ఇదే. ఆ సలహా ఫిల్మ్ రోజుల నాటిది. అప్పుడు 50 ఎంఎం అంటే కంటికి సహజంగా అనిపించే చూపు. క్రాప్ సెన్సర్ మీద అది 75 ఎంఎం చూపు అయిపోతుంది, కెనాన్ మీద 80. ఆరుబయట ఒక్కరి పోర్ట్రెయిట్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది, మన ఇళ్లల్లో మాత్రం ఊపిరాడనివ్వదు. పాత 50 చూపు కావాలంటే క్రాప్ కెమెరాకి కావాల్సింది 30 నుంచి 35.

చోటు చాలని సందర్భాలు నిజంగా ఎన్ని ఉంటాయో కూడా నిదానంగా చూసుకోవాలి. చాలామంది ప్రకృతి దృశ్యాలు అనగానే 10-18 లాంటి అల్ట్రా వైడ్ లెన్స్ వైపు పరిగెడతారు. ప్రకాశం బ్యారేజీ అవతలి గట్టు, సీతానగరం వైపు నిలబడి ఇంద్రకీలాద్రిని తీస్తున్నారనుకోండి. మధ్యలో 1.2 కిలోమీటర్ల పైచిలుకు నది. 18 ఎంఎం దగ్గర అంత దూరంలో పట్టే వెడల్పు కిలోమీటరున్నర. కొండ ఒక చిన్న గుట్టలాగా, కనకదుర్గ గుడి చుక్కలాగా, ఫోటోలో మూడొంతులు నీళ్లూ ఆకాశమూ కనిపిస్తాయి. కంటికి అంత గంభీరంగా కనిపించిన కొండ ఫోటోలో ఏమైపోయిందని దిగులుపడేది ఇక్కడే. అల్ట్రా వైడ్ పెడితే ఇంకా చిన్నదైపోతుంది. అదే చోటి నుంచి 100 ఎంఎం పెడితే 280 మీటర్ల వెడల్పు మాత్రమే పడుతుంది. గుడి, దాని చుట్టూ కొండ రాళ్లు ఫ్రేము నిండా నిలబడతాయి. అంటే ఈ దృశ్యానికి మంచి లెన్స్, దూరాన్ని దగ్గర చేసే టెలిఫోటో. విశాలమైన చోట్లు ఎక్కువగా పొడవాటి లెన్సునే కోరతాయి, ఇరుకు చోట్లే వైడ్‌ని అడుగుతాయి.

ఇరుకంటే ఎలా ఉంటుందో మంగళగిరిలో తెలుస్తుంది. కొండ కింది గుడి గాలిగోపురం 11 అంతస్తులు, 150 అడుగుల పైమాటే. కెమెరాని నిలువుగా పట్టుకుని, పైకెత్తకుండా 18 ఎంఎంతో మొత్తం పట్టించాలంటే దాదాపు డెబ్భై మీటర్లు వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఫ్రేములో కింది సగం నేలకే పోతుంది. అంత దూరం పోలేక కెమెరాని పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఇలాంటి గుళ్లు, కోటలు, పాత ఇళ్ల లోపలి భాగాలు వారం వారం తీసేవాళ్లకి అల్ట్రా వైడ్ పెట్టుబడే. ఏడాదికి నాలుగుసార్లు అవసరమయ్యేవాళ్లు పక్కపక్కగా రెండు మూడు ఫోటోలు తీసి కంప్యూటర్లో అతికించుకుంటే పని జరిగిపోతుంది. నా మట్టుకు నేను మొదటి మూడు లెన్సుల్లో అల్ట్రా వైడ్‌కి చోటివ్వను.

ఇక వెలుతురు. అందరూ తికమకపడేది, ఎక్కువ డబ్బు తగలేసేది కూడా ఇక్కడే. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని ఎపర్చర్ అంటారు. లెన్స్ పేరులో ఎఫ్ పక్కన ఉండే అంకె ఎంత చిన్నదైతే ఆ రంధ్రం అంత పెద్దది, అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కి వస్తే నాలుగింతలు, ఎఫ్/1.8కి వస్తే దాదాపు పదింతలు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియాల్సింది ఏమిటంటే, చీకట్లో కదలని వస్తువు వేరు, కదిలే మనిషి వేరు. రెండింటికీ మందు ఒకటే కాదు.

ఉండవల్లి గుహల్లో పైకెక్కి అనంతపద్మనాభస్వామి దగ్గరికి వెళ్తే ఆ శిల్పం ఇరవై అడుగుల దాకా ఉంటుంది, చుట్టూ చోటేమో తక్కువ, వెలుతురు అంతకంటే తక్కువ. కానీ స్వామి కదలడు. కిట్ లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దే ఏర్పాటు) ఉంటే, శ్వాస బిగబట్టి, రాతి స్తంభానికి మోచేయి ఆనించి 1/8 సెకను దగ్గర కూడా తీయొచ్చు. నాలుగైదు తీస్తే ఒకటైనా నిఖార్సుగా వస్తుంది. ఎఫ్/1.8 లెన్స్ కొనడానికి ఉండవల్లి కారణం కాలేదు. పైగా 35 ఎంఎం ప్రైమ్‌తో వెళ్తే స్వామి సగమే పడతాడు.

అదే తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన అనుకోండి. స్టేజీ మీద లైట్లు బాగానే ఉన్నట్టు కంటికి అనిపిస్తాయి. కెమెరాకి ఆ లెక్క వేరు. ఎఫ్/5.6 దగ్గర, ఐఎస్ఓని వీలైనంత పెంచాక కూడా 1/60 సెకనే వస్తోందంటే, జతి పడేటప్పుడు నర్తకి చేతులూ పాదాలూ అలికినట్టు వస్తాయి. ఎంత గొప్ప స్టెబిలైజేషన్ అయినా మీ చేతి వణుకుని ఆపుతుంది తప్ప ఆవిడ అడుగుని ఆపలేదు. ఎఫ్/2.8 లెన్స్ ఉంటే అదే వెలుతురులో 1/250 దొరుకుతుంది. ఎఫ్/1.8 అయితే 1/500 దాటుతుంది. ఇక్కడ పెద్ద ఎపర్చర్‌కి పెట్టే ప్రతి రూపాయీ ఫోటోలో కనిపిస్తుంది. ఇంట్లో పరుగెత్తే పిల్లలు, రాత్రి బీసెంట్ రోడ్డు జనం, తెప్పోత్సవం నాటి ఘాట్లు, ఇవన్నీ ఈ రెండో కోవలోవే.

పెద్ద ఎపర్చర్‌కి ఒక మెలిక ఉంది. 50 ఎంఎం ఎఫ్/1.8తో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 11 సెంటీమీటర్లు. ఒక్కరైతే ముఖం వరకు సరిపోతుంది. రెండు వరసల్లో కూర్చున్న కుటుంబాన్ని అలా తీస్తే ముందు వరస మెరుస్తుంది, వెనక వరస మొహాలు మసకబారతాయి. ఎపర్చర్‌ని ఎఫ్/4కి తగ్గిస్తే ఆ లోతు పాతిక సెంటీమీటర్లకి పెరుగుతుంది, గ్రూపు ఫోటోకి ఇంకా తగ్గించుకోవాలి. వెనక అంతా వెన్నలా కరిగిపోయిన పోర్ట్రెయిట్ చూసి ఎఫ్/1.4 మీద మనసు పారేసుకునేవాళ్లు, తాము తీసే ఫోటోల్లో ఒక్కరే ఉండేవి ఎన్నో ఒకసారి చూసుకోవాలి.

దూరం సంగతి లెక్కకి తేలిక, జేబుకి బరువు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద కిక్కిరిసి ఉంటాయి. అరవై మీటర్ల దూరంలో ఉన్న చెట్టుని 250 ఎంఎంతో తీస్తే ఫ్రేము వెడల్పు 5.6 మీటర్లు, ఎత్తు 3.7 మీటర్లు. మీటరు ఎత్తుండే కొంగ అందులో నాలుగో వంతు. గూడు, పిల్లలు, పక్క కొమ్మ మీద మరో జంట అన్నీ కలిపి చక్కటి ఫోటో అవుతుంది. రెక్కలు విప్పితే రెండు మీటర్ల పైన ఉండే పెలికాన్ అయితే ఫ్రేములో మూడో వంతు దాటేస్తుంది. అంటే ఈ పక్షులకి 55-250, 70-300 లాంటి చవకైన టెలీజూమ్ ధారాళంగా సరిపోతుంది. చిన్న పిట్టల మీదికి మనసు పోయినప్పుడే 400, 600 అవసరమవుతాయి. పిచ్చుకంత పక్షిని అరవై మీటర్ల నుంచి తీయాలంటే 600 కూడా ఏమూలకీ చాలదు. అక్కడ లెన్స్ కంటే ఓపిక, దగ్గరికి చేరే నేర్పు ఎక్కువ పని చేస్తాయి.

టెలీజూమ్ కొన్నవాళ్లు మొదటి నెలలోనే లెన్స్ బాగాలేదని తిట్టుకోవడం మామూలే. చాలాసార్లు తప్పు షట్టర్ స్పీడ్‌ది. క్రాప్ కెమెరా మీద 250 ఎంఎం అంటే 375 చూపు కాబట్టి స్టెబిలైజేషన్ లేకపోతే చేత్తో పట్టుకుని 1/400 కంటే కిందికి దిగకూడదు. ఎగిరే పక్షికైతే 1/1000 పైనే ఉండాలి, కొల్లేరు ఆటపాకలో పడవ మీంచి తీసేటప్పుడు మరీను. ఇంకో తప్పు ఎండది. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక కృష్ణ ఇసుక తిన్నెల మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంది. అందులోంచి అర కిలోమీటరు దూరంలోని వస్తువుని ఎన్ని లక్షల లెన్స్‌తో తీసినా నీళ్లలోంచి చూసినట్టే వస్తుంది. దానికి మందు తెల్లవారుజామున లేవడమే.

మీకు ఈ మూడింట్లో ఏది చాలడం లేదో తెలుసుకోవడానికి పాత ఫోటోల ఫోల్డర్ తెరవండి. ప్రతి ఫోటోతోపాటు ఫోకల్ లెంగ్త్, ఎపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ అన్నీ దాచి ఉంటాయి. లైట్‌రూమ్‌లోనో, ఉచితంగా దొరికే డిజీక్యామ్‌లోనో వాటి వారీగా విడగొట్టి చూడొచ్చు. మీకు నచ్చిన ఫోటోలతోపాటు పాడైపోయినవి కూడా చూడండి, అసలు సంగతి వాటిలోనే ఉంటుంది. ఐఎస్ఓ 6400 దగ్గర, షట్టర్ 1/40 దగ్గర కదిలిపోయిన ఫోటోలు కుప్పలుగా ఉంటే మీ కొరత వెలుతురు. 55 దగ్గర తీసి, మళ్లీ సగానికి పైగా కత్తిరించినవి ఎక్కువుంటే మీ కొరత దూరం. అయితే 55 దగ్గర ఎక్కువ ఫోటోలు ఉన్నంత మాత్రాన టెలీ కావాలని అర్థం కాదు, అడుగు ముందుకేయడానికి మొహమాటపడ్డారని కూడా అయ్యుండొచ్చు. కత్తిరించారా లేదా అన్నదే ఆనవాలు. 18 దగ్గర తీసి, అంచుల్లో మనుషులు సగం సగం తెగిపోయినవి ఎక్కువగా కనిపిస్తే చోటు.

ఇవన్నీ పెట్టి చూస్తే మన ప్రాంతంలో అన్నీ తీసే హాబీ ఫోటోగ్రాఫర్‌కి సాధారణంగా తేలేది మూడు లెన్సులు: మధ్య శ్రేణి జూమ్ ఒకటి, 30-35 ప్రాంతంలో పెద్ద ఎపర్చర్ ప్రైమ్ ఒకటి, టెలీజూమ్ ఒకటి. మొదటిది మీ దగ్గర కిట్ లెన్స్ రూపంలో ఇప్పటికే ఉంది. దాన్ని చులకన చేయకండి. ఎఫ్/8 దగ్గర పగటి వెలుతురులో తీసిన 18-55 ఫోటోకీ, దానికి నాలుగింతల ఖరీదున్న లెన్స్ ఫోటోకీ తేడా చెప్పడం అంత తేలిక కాదు.

ప్రైమ్‌ల విషయంలో పేర్లు కెమెరాని బట్టి మారతాయి. నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) వాళ్లకి డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ 2009 నుంచీ ఉంది, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. అద్దం లేని కొత్త తరహా మిర్రర్‌లెస్‌లో, నికాన్ జెడ్ క్రాప్ కెమెరాలకి కాస్త వైడ్‌గా ఉండే డీఎక్స్ 24 ఎంఎం ఎఫ్/1.7, కెనాన్ ఆర్ఎఫ్‌కి 35 ఎంఎం ఎఫ్/1.8 మాక్రో, సోనీకి 35 ఎంఎం ఎఫ్/1.8 ఓఎస్ఎస్, ఫుజీకి 35 ఎంఎం ఎఫ్/2 ఉన్నాయి. సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 మిర్రర్‌లెస్‌లో పలు మౌంట్‌లకి (లెన్స్‌ని కెమెరాకి బిగించే అమరిక, కంపెనీని బట్టి మారుతుంది) దొరుకుతుంది, ఖరీదుకి మించి పని చేస్తుంది.

లెన్సులు మార్చడమే చిరాకనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. కిట్ లెన్స్‌నీ, ప్రైమ్‌నీ కలిపి ఒకే ఎఫ్/2.8 జూమ్‌తో భర్తీ చేయడం. సిగ్మా 18-50 ఎంఎం ఎఫ్/2.8 మిర్రర్‌లెస్ క్రాప్ కెమెరాల కోసం 2021లో వచ్చింది. సోనీ, ఫుజీ, కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌లకి ఉంది, బరువు 300 గ్రాములకి మించదు. టామ్రాన్ 17-70 ఎంఎం ఎఫ్/2.8 ఇంకా పొడవు అందుకుంటుంది, లోపల స్టెబిలైజేషన్ కూడా ఉంది, అందుకు తగ్గట్టు పెద్దది, బరువైనది. డీఎస్ఎల్ఆర్ వాళ్లకి సిగ్మా పాత 17-50 ఎఫ్/2.8 సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోవచ్చు. గుంటూరు మిర్చి యార్డు లాంటి చోట ఈ రకం జూమ్ విలువ తెలుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా అక్కడ గాల్లోనే కారం ఉంటుంది. ఆ దుమ్ములో లెన్స్ విప్పారంటే సెన్సర్ మీద మచ్చలతో ఇంటికి వస్తారు. ఒక లెన్స్ బిగించి లోపలికి వెళ్లడం, బయటికి వచ్చాకే విప్పడం మేలు. తుమ్ముల గురించి మాత్రం ఏ కంపెనీ లెన్సూ సాయం చేయలేదు.

18-200, 18-300 లాంటి అన్నీ-ఒకదాంట్లో జూమ్‌లని పట్టుకుని వెక్కిరించేవాళ్లు ఉంటారు. పగలు, ప్రయాణాల్లో, పిల్లలతో తిరిగేటప్పుడు అవి హాయినిస్తాయి. చివరి కొసన ఎపర్చర్ ఎఫ్/5.6కో, ఎఫ్/6.3కో పడిపోతుంది కాబట్టి సాయంత్రం ఆరు దాటాక మాత్రం చేతులెత్తేస్తాయి. మీ పాడైపోయిన ఫోటోల్లో వెలుతురు సమస్య కనిపించకపోతే మొహమాటం లేకుండా కొనుక్కోండి.

రేపెప్పుడో ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తాను కదా అని ఇప్పుడే క్రాప్ కెమెరాకి 24-70 కొనడం నాకు నచ్చని సలహా. క్రాప్ మీద అది 36-105 అయిపోతుంది, వైడ్ వైపు ఏమీ మిగలదు. రేపటి కెమెరా కోసం ఇవాళ్టి ఫోటోలు పోగొట్టుకోవడమే అది. డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లు మాత్రం కొత్త లెన్స్‌కి పెద్ద మొత్తం పెట్టేముందు ఆగి ఆలోచించాలి. కెనాన్, నికాన్ రెండూ కొత్త లెన్సులన్నీ మిర్రర్‌లెస్ కోసమే తెస్తున్నాయి. డీఎస్ఎల్ఆర్ లెన్సులు అడాప్టర్‌తో ఆ కంపెనీ మిర్రర్‌లెస్ మీదికి ఎక్కుతాయి కానీ, మిర్రర్‌లెస్ లెన్సులు డీఎస్ఎల్ఆర్ మీద పని చేయవు. కాబట్టి పాత మౌంట్‌లో సెకండ్‌హ్యాండ్ కొనడమే తెలివైన పని. నికాన్‌లో ఇంకో గుంట ఉంది: పాత ఏఎఫ్-డీ రకం లెన్సుల్లో ఫోకస్ మోటార్ ఉండదు. డీ3000, డీ5000 శ్రేణి కెమెరాల్లోనూ మోటార్ ఉండదు. చవగ్గా వచ్చిందని 50 ఎంఎం ఎఫ్/1.8డీ తెచ్చుకుంటే జీవితమంతా చేత్తో తిప్పుకోవాల్సిందే.

విజయవాడ, గుంటూరు పెళ్లిళ్ల సీజన్ పుణ్యమా అని లెన్సులు రోజువారీ అద్దెకిచ్చేవాళ్లు దొరుకుతారు. పెద్ద లెన్స్ ఏదైనా కొనేముందు ఒక శని, ఆదివారాలు అద్దెకి తెచ్చుకుని తిరిగితే, బరువు సంగతి మెడకే తెలిసొస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు మన వాతావరణంలో మొదట చూడాల్సింది ఫంగస్. తేమ ఎక్కువున్న ఊళ్లలో, బీరువాలో లెదర్ కేసులో పెట్టి మరిచిపోయిన లెన్సుల్లో గాజు మీద సాలెగూడు దారాల్లాంటివి పాకుతాయి. రెండు మూతలూ తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి వాలుగా చూస్తే కనిపిస్తాయి. రెండు మూడు దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోనక్కర్లేదు, దారాలు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉన్నా అంతే. తర్వాత మీ కెమెరాకి బిగించి, ఇటుక గోడనో, పత్రిక పేజీని గోడకి అంటించో ఎదురుగా నిలబడి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒక ఫోటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి పోల్చండి. నాలుగూ ఒకేలా కొద్దిగా మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. మూడు బాగుండి ఒక్క మూల మాత్రమే చెదిరిపోతే, ముందు మీరు గోడకి తిన్నగా నిలబడ్డారో లేదో చూసుకుని మరోసారి తీయండి. అప్పుడూ అదే మూల చెదిరితే లోపల గాజు పక్కకి జరిగిందని అర్థం, కిందపడిన లెన్స్ అయ్యుండొచ్చు. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, వానాకాలంలో వాటిని మార్చడం మరిచిపోకండి. అన్నిటికంటే ముఖ్యంగా, వారానికోసారైనా బయటికి తీసి వాడుతూ ఉండండి.